షెల్టరు తాళం పగలగొట్టిన సూర్యకుమారి

మా అమ్మమ్మ పెద్దకర్మ రోజున భోజనాల పందిట్లో ఒక ఫ్లెక్సీ కట్టారు. ఆమె ఫొటో, దాని కింద ఎర్రటి అక్షరాలతో ‘శాంతమూర్తి సూర్యకుమారి గారికి కన్నీటి నివాళి’. రాయించింది మా గణపతి మావయ్య. అది చదవగానే నాకు ఒళ్ళు మండింది. మా అమ్మమ్మ శాంతమూర్తి కాదు. కోడూరు మండలం మొత్తం మీద ఆమెకున్నంత కోపం ఇంకెవరికీ లేదు. ఆ కోపం వల్లే ఆ పందిట్లో విస్తళ్ళ ముందు కూర్చున్న వాళ్ళలో సగం మంది బతికి ఉన్నారు.

ఆమె ఎండుచేపలు అమ్మేది. తట్ట పట్టుకుని ఒకరోజు అవనిగడ్డ, ఒకరోజు గుడివాడ వెళ్ళేది. ఒకసారి కండక్టరు, వాసనొస్తోందని మా పాలెం ఆడవాళ్ళను బస్సెక్కనివ్వలేదు. అమ్మమ్మ వెళ్ళి బస్సు ముందు రోడ్డు మీద కూర్చుంది. ఆదివారం కూరలో రాని వాసన తట్టలోనే వచ్చిందా అని అడిగింది. గంటన్నర తర్వాత తట్టలన్నీ బస్సెక్కాయి. పాలెంలో ఎవరికి నొప్పులొచ్చినా ఆటోలో పక్కన కూర్చుని ఆస్పత్రికి తీసుకెళ్ళేది ఆమే. డాక్టరు లేడంటే, వచ్చేదాకా గుమ్మంలో నిలబడి కేకలేసేది. నేను పుట్టింది కూడా అలా ఆమె చేత కేకలేయించుకుని వచ్చిన డాక్టరు చేతుల్లోనే.

డెబ్భై ఏడు ఉప్పెన నాటికి ఆమెకు పన్నెండేళ్ళు. తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని బతికింది. వాళ్ళమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు దొరకలేదు. ఆ సంగతి ఆమె మాకు ఒక్కసారే చెప్పింది, అదీ రెండు ముక్కల్లో. కానీ రేడియోలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి ఇల్లిల్లూ తిరిగేది. ముసలివాళ్ళెందరు, చంటిపిల్లలెందరు, నడవలేనివాళ్ళెవరు అన్నీ ఆమె నోట ఉండేవి.

నాకు పదకొండేళ్ళప్పుడు అలాంటి తుఫానే వచ్చింది. మా పాలెం చివర ప్రభుత్వం కట్టించిన తుఫాను షెల్టరు ఉంది. మధ్యాహ్నం వానలో అందరం పిల్లాజెల్లాతో అక్కడికి వెళ్ళేసరికి మెట్ల పైన తలుపుకు తాళం. లోపల నేల నుంచి కిటికీల దాకా రొయ్యల మేత బస్తాలు. అవి గోవర్ధనరావు గారివి. మా ఊరి చుట్టూ ఉన్న చెరువుల్లో ఎక్కువ భాగం ఆయనవే. కృత్తివెన్ను వైపు కూడా ఉన్నాయి. ఆయన ఆ రోజు విజయవాడలో ఉన్నారు. అమ్మమ్మ ఫోను చేసింది. మేత తడిసి పాడైపోతుందని, అందరూ బడికి వెళ్ళండని ఆయన అన్నారు. బడి పల్లంలో ఉంది.

అమ్మమ్మ అంతవరకూ ఎవరినీ ‘గారు’ లేకుండా పిలవగా నేను వినలేదు. బస్సు కండక్టరును తిట్టినప్పుడు కూడా ‘ఏమండీ’ అనే తిట్టింది. ఆ రోజు ఫోనులో మాత్రం ఇలా అంది.

“మేత పోతే మళ్ళీ కొనుక్కుంటావు గోవర్ధనరావూ. మా అమ్మని నాకు ఎవరూ కొనివ్వలేదు.”

ఫోను పెట్టేసి పడవ లంగరు తెప్పించింది. తాళం కదలకుండా పట్టుకోమంటే మగవాళ్ళెవరూ ముందుకు రాలేదు. వాళ్ళకు ఆయన చెరువుల మీద పని. కాలవ అవతల కాలనీ నుంచి వచ్చిన ఎలీసబెతు, మా అమ్మమ్మతో కలిసి చేపలమ్మే ఆవిడ, వచ్చి రెండు చేతులతో తాళం పట్టుకుంది. నాలుగో దెబ్బకు తాళం ఊడింది, ఎలీసబెతు చూపుడువేలు చితికింది. బస్తాలన్నీ వానలోకి విసిరేశారు. మూడు వందల మందిమి రెండు రోజులు అందులో ఉన్నాం. పాలెంలో ఛాతీ ఎత్తు నీళ్ళొచ్చాయి. ఒక్కరు కూడా పోలేదు.

వారం తిరక్కుండా అమ్మమ్మ మీద కేసు పెట్టారు. తాళం పగలగొట్టి ఆస్తి ధ్వంసం చేసిందట. ఏడేళ్ళు వాయిదాలకు తిరిగింది. పాలెం నుంచి ఒక్కరంటే ఒక్కరు కూడా సాక్ష్యానికి వెళ్ళలేదు. సొంత కొడుకు, మా గణపతి మావయ్య, చెరువుల దగ్గర సూపర్‌వైజరు ఉద్యోగం పోతుందని వెళ్ళలేదు. ప్రతి వాయిదాకు ఆమెతో పాటు బస్సెక్కింది ఎలీసబెతు ఒక్కతే. పిలవకపోయినా వెళ్ళి, తాళం పట్టుకున్నది నేనే, నా పేరూ రాసుకోండి అని చెప్పేది. చివరికి కేసు కొట్టేశారు. తర్వాత ఒక ఆఫీసరు వచ్చి విషయమంతా విని, షెల్టరు తాళంచెవి ఇకపై సూర్యకుమారి దగ్గరే ఉండాలని రాయించి వెళ్ళాడు.

పోయిన నెలలో అమ్మమ్మ చేపలు ఎండబెడుతూ పడిపోయింది. బందరు ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నేను అక్కడే నర్సింగు చదువుతున్నాను. గేటు దగ్గర స్ట్రెచరు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమెకు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

పెద్దకర్మకు ముందు రోజు తెలిసింది, మావయ్య ఆ తాళంచెవిని గోవర్ధనరావు గారికి ఇచ్చేశాడని. వెళ్ళి చూశాను. అమ్మమ్మ పోయి పది రోజులు కాలేదు, కిటికీల దాకా మళ్ళీ మేత బస్తాలు.

మర్నాడు పందిట్లో మావయ్య ఆయన్నే మైకు ముందుకు పిలిచాడు. సూర్యకుమారి గారు ఎంత సౌమ్యురాలో, ఎవరినీ ఒక్క మాట కూడా అనేది కాదని ఆయన చెప్పుకొచ్చారు. ఎలీసబెతు పందిరి బయట, చెప్పుల పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఆమెను లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు.

నేను లేచి వెళ్ళి మైకు అడిగాను. ఆయన నవ్వుతూ ఇచ్చారు.

“మా అమ్మమ్మ మిమ్మల్ని చాలా మాటలంది. మీరు మర్చిపోయినట్టున్నారు. షెల్టరు తాళంచెవి ఇవ్వండి.”

“ఇది సమయమా అమ్మా, పెద్దకర్మ రోజున” అన్నారాయన. మావయ్య వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగబోయాడు. నేను కదల్లేదు. తింటున్నవాళ్ళ వైపు తిరిగాను. “ఆ రెండు రోజులు లోపల పడుకున్నవాళ్ళు చెయ్యెత్తండి” అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. తలలు విస్తళ్ళలోకి వంగాయి. గోవర్ధనరావు మీద కన్నా వాళ్ళ మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. పెట్టిన అన్నం తినడానికి లేని భయం చెయ్యెత్తడానికి వచ్చింది.

అప్పుడు ఎలీసబెతు లోపలికి వచ్చింది. మైకు తీసుకోలేదు. గోవర్ధనరావు గారికి ఎదురుగా నిలబడి నెమ్మదిగా అంది.

“ఇచ్చేయండి బాబూ. లేకపోతే ఈసారి నేనే కొడతాను, ఈ పిల్ల పట్టుకుంటది.”

ఆయన భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు. సాయంత్రం ఎవరిచేతనో తాళంచెవి పంపించారు. ఆయన మనుషులు బస్తాలు మోసుకుపోవడానికి మూడు రోజులు పట్టింది. షెల్టరు ఖాళీ అయ్యేదాకా నేనూ ఎలీసబెతూ మెట్ల మీదే కూర్చున్నాం. పాలెంలో కొందరు అటుగా వచ్చి మమ్మల్ని చూసి, ఏదో పనున్నట్టు పక్కకు తిరిగి వెళ్ళిపోయారు.

తాళంచెవి ఇప్పుడు కాలనీలో, ఎలీసబెతు ఇంట్లో ఉంది. మా పాలెం వాళ్ళకు అది నచ్చలేదు. మా అమ్మమ్మను పొగిడినవాళ్ళే, కాలవ అవతలి మనిషి దగ్గర మన తాళంచెవి ఏంటని గొణుగుతున్నారు. గణపతి మావయ్య నాతో మాట్లాడటం మానేశాడు. నేనూ మాట్లాడటం లేదు.