అక్కకి చెప్పిన రూలు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. గుండెల మీద కుంపటి అంటుంటారు. నాది అలా మండను కూడా మండలేదు. మండి ఉంటే ఎప్పుడో ఎవరి దగ్గరో కక్కేసి ఉండేవాణ్ణి. మామూలుగానే తిన్నాను, డ్యూటీకి వెళ్ళాను, పిల్లవాణ్ణి బడిలో వేశాను. ఎవరైనా మా అక్క సంగతి ఎత్తినప్పుడు మాత్రం మాట మార్చేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్ళయితే మళ్ళీ నన్ను ఓదార్చడం మొదలుపెడతారు. ఆ ఓదార్పులు ఇప్పటికే చాలా తీసుకున్నాను.

నేను చేసింది పెద్ద నేరమేమీ కాదు. చూశారా, ఇంకా తప్పించుకోవాలనే చూస్తున్నాను. ఆ మాట కొట్టేస్తున్నాను. నేను చేసింది ఇదీ: నన్ను పెంచిన అక్క నా ఇంట్లో ఉండిపోతానంటే, ఉండకూడదని ఒక రూలు కల్పించి చెప్పాను. ఆమె నమ్మింది.

మాది రేపల్లెకి దిగువన సముద్రం వైపు పల్లె. వేట మా వాళ్ళ వృత్తి. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. బావ జ్వరంతో పోయాక అక్క పుట్టింటికి వచ్చి నన్ను చేరదీసింది. ఆమెకి పిల్లలు లేరు. ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె బజారుకి, బేరం బాగుంటుందనుకుంటే రైలెక్కి తెనాలి దాకా వెళ్ళి అమ్మేది. ఆ గంపే నన్ను చదివించింది. బాపట్లలో హాస్టల్లో ఉన్నప్పుడు అప్పుడప్పుడూ చూడటానికి వచ్చేది. గేటు లోపలికి వచ్చేది కాదు. రోడ్డుకి అవతల కల్వర్టు మీద కూర్చుని కబురు పంపేది. ఒళ్ళంతా నీసు కంపు, నీ నేస్తాలు ఏమనుకుంటారో అనేది. ఏమీ అనుకోరు, లోపలికి రా అని నేను ఒక్కసారీ అనలేదు. అప్పుడు చిన్నవాణ్ణి అనుకుందాం. తర్వాత ఏమయింది మరి?

ఫిట్టరు పని నేర్చుకున్నాక నాకు హైదరాబాదు అవతల ఉద్యోగం వచ్చింది. అరవైల్లో సంగతి. బండరాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ లేని చోట పెద్ద ఫ్యాక్టరీ కట్టి, పక్కనే పనివాళ్ళ కోసం ఊరికి ఊరే కట్టారు. ముందు కాగితం మీద గీసి, ఆ గీతల వెంట కట్టిన ఊరు అది. మా వైపు ఊళ్ళు కాలవ ఎటు తిరిగితే అటు తిరుగుతాయి. ఇక్కడ రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. ఇళ్ళన్నీ ఒకటే అచ్చు. ఇంట్లోనే కొళాయి, ఇంట్లోనే దొడ్డి, కరెంటు దీపం, ఆసుపత్రి, బడి. సైరన్ మోగితే ఊరంతా లేచేది, సైరన్ మోగితే ఊరంతా అన్నానికి కూర్చునేది. రూల్సు కూడా అలాగే ఉండేవి. ముందు వైపు బట్టలు ఆరేయకూడదు. గేదెను కట్టకూడదు. గోడకి మేకు కొట్టాలన్నా ఎస్టేట్ ఆఫీసులో అడగాలి. మేమంతా నవ్వుకునేవాళ్ళం గానీ, నాకు ఆ ఊరు ఎంత నచ్చిందో చెప్పలేను. అక్కడ ఎవరూ ఎవరి తాతనూ ఎరగరు. క్వార్టర్ నంబరు చెబితే చాలు, మనిషి చిరునామా పూర్తయినట్టే.

నన్ను ఎరగకపోయినా, ఊరి పేరును బట్టి మా వాళ్ళెవరో పోల్చుకోగలిగిన ఇల్లు ఒక్కటుంది. పక్క క్వార్టర్లో తెనాలి ఆయన, ఆఫీసులో గుమాస్తా. మొదటి పరిచయంలోనే, రేపల్లె దగ్గరంటే మాగాణి ఉందా అని అడిగాడు. కొద్దిగా ఉందండి అన్నాను. మాకున్నది ఒక పడవలో చిన్న వాటా, అదీ అక్కది.

నాకు కొడుకు పుట్టినప్పుడు అక్క వచ్చింది. నా భార్యది బాపట్ల దగ్గర, మా వాళ్ళే. తల్లి లేని పిల్ల. పురిటి మనిషిని అక్కే లేపింది, అక్కే కూర్చోబెట్టింది. పిల్లవాడికి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేటప్పుడు ఆమె ముఖం చూడాలి. కొళాయి తిప్పితే నీళ్ళు రావడం ఆమెకి ఎన్నాళ్ళకీ పాతబడలేదు. ఊరికే తిప్పి, నవ్వి, కట్టేసేది.

ఆ ఊళ్ళో ఆమెకున్న ఇబ్బంది ఒక్కటే. ఇళ్ళన్నీ ఒకేలా ఉండటంతో మా ఇల్లు గుర్తుపట్టలేకపోయేది. ఒకసారి పాలు తెస్తూ వెనక వీధిలో బెంగాలీ వాళ్ళ ఇంట్లోకి నేరుగా వెళ్ళి వంటింట్లో పాలు పెట్టేసింది. ఆవిడ నవ్వి కూర్చోబెట్టిందట. ఒకరి మాట ఒకరికి రాకపోయినా చేపల పేరు మీద ఇద్దరికీ జత కుదిరింది. అక్క ఊరి నుంచి తెచ్చిన ఎండు చేపలు ఆవిడ గిన్నె పట్టుకొచ్చి అడిగి తీసుకెళ్ళేది. ఆ తర్వాత ఇల్లు తప్పిపోకుండా అక్క ఒక ఉపాయం చేసింది. మూట కట్టుకొచ్చిన పాత వల ముక్కను మా గేటుకి కట్టింది. దూరం నుంచే కనబడేలా, గట్టి ముడేసి కట్టింది. పెరట్లో మిగిలిన చేపలు ఎండేసింది.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే తెనాలి ఆయన భార్య గేటు దగ్గరే ఉంది. మర్యాదస్తురాలే. మీ అక్కగారు వల ముడి భలే వేశారండీ, అలవాటేనా అంది. అంతే అంది. అందులో వెటకారం ఉందో లేదో ఈరోజుకీ నాకు తెలియదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. వల ఊడదీసి లోపలికి తీసుకెళ్ళాను. దుమ్ము పడుతోందని అక్కకి చెప్పాను.

ఆ వారంలోనే అక్క అడిగింది. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని ఉంది. వంటింట్లో నా భార్య పోపు వేస్తోంది.

"తమ్ముడా, నేనిక్కడే ఉండిపోనా? గంప మోసే ఓపిక తగ్గిందిరా. మెడ లాగేస్తంది. పిల్లోణ్ణి చూసుకుంటా ఓ మూలన పడుంటా."

"ఉంటే బాగానే ఉండేదక్కా. కానీ ఇక్కడ రూలు ఒకటుంది."

"ఏం రూలు?"

"క్వార్టర్లో పెళ్ళాం బిడ్డలు తప్ప చుట్టాలు నెలకి మించి ఉండకూడదు. ఎస్టేట్ ఆఫీసు వాళ్ళు చూస్తే కష్టం."

"చూస్తే ఏంటంట?"

"ఉద్యోగం పోద్ది."

అక్క ముఖం చూశాను. బాధ కనిపిస్తుందేమో అనుకున్నాను. భయం కనిపించింది.

"ఓరి నీ... ముందే చెప్పొద్దంట్రా? నేనొచ్చి నెల దాటి ఎన్నాళ్ళయిందో. ఎవరన్నా వచ్చి అడిగారా? నేను పొద్దస్తమానం వీధిలోనే కూర్చుంటన్నా కదా. నీ ఉద్యోగానికి ఏమన్నా అయిద్దేంట్రా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. నా భార్య బయటికి రాలేదు. ఏమీ కాదులే అక్కా, నేను చూసుకుంటాను అన్నాను. నేను చూసుకుంటానట! లేని ప్రమాదం నుంచి నన్ను నేను కాపాడుకుంటున్నట్టు ఆమెకి ధైర్యం చెప్పాను.

టిక్కెట్టు దొరికే దాకా ఉన్న ఆ కొద్ది రోజులూ అక్క వెనక గదిలోంచి కదల్లేదు. పోస్టుమాను సైకిల్ గంట వినబడితే తలుపు చాటుకి వెళ్ళేది. పిల్లవాడు వరండాలో ఏడుస్తుంటే, అమ్మాయ్ నువ్వెళ్ళి ఎత్తుకో, నేను బయటికి రాకూడదు అనేది. బెంగాలీ ఆవిడ గిన్నెతో వస్తే కూడా లేనని చెప్పించింది. ఇదంతా చూస్తూ ఉన్నాను. అబద్ధమని చెప్పడానికి నాకు అన్ని పగళ్ళు దొరికాయి. చెబితే, ఎందుకు ఆడావురా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, అది ఆమె ముఖం మీద చెప్పగలిగేది కాదు. అందుకని సికింద్రాబాదు వెళ్ళి రైలెక్కించి, తెనాలిలో బండి మారడం జాగ్రత్త అని చెప్పి వచ్చాను. నిజం చెప్పొద్దూ, వెనక్కి వస్తుంటే హాయిగా అనిపించింది కూడా.

మళ్ళీ అక్క గంప ఎత్తుకుంది. ఇంకా చాలా ఏళ్ళు మోసింది. నేను ఏడాదికోసారి వెళ్ళి చీర పెట్టి వచ్చేవాణ్ణి.

డెబ్బైల్లో ఒకసారి వెళితే మనిషి సగమైపోయి ఉంది. కడుపులో నొప్పి, అన్నం ఇమడదు. మా ఊళ్ళో ఆసుపత్రి ఉంది, పెద్ద డాక్టర్లున్నారు, రా అన్నాను. రానంది. రూలు ఉంది కదరా, నా ఒక్కదాని కోసం మీ ముగ్గురి అన్నం పోగొట్టమంటావా అంది. అప్పుడైనా చెప్పాలి కదా? ఎదురుగా కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. అలాంటి రూలు లేదక్కా అనడానికి ఒక్క క్షణం చాలు. బదులుగా ఏమన్నానో తెలుసా? ఆఫీసులో నెలరోజులకి పర్మిషన్ తీసుకున్నాను అన్నాను. లేని రూలుకి లేని పర్మిషన్. ఆమె సంతోషించింది. నా తమ్ముడు అడిగితే పెద్ద ఆఫీసర్లు కూడా కాదనలేదని పల్లెలో చెప్పుకుని మరీ బయల్దేరింది.

డాక్టరు పరీక్షలు చేసి లోపల గడ్డ ఉందన్నాడు. సిటీలో పెద్దాసుపత్రికి వారం వారం తిప్పాలి, ఎన్నాళ్ళో ఇప్పుడే చెప్పలేం అన్నాడు. నయమవుతుందని మాట ఇవ్వలేదు. అవదనీ అనలేదు. ఆ మాట అక్క ముందే అన్నాడు. ఇంటికి వచ్చే దారిలో ఆమె వేళ్ళు ముడుస్తూ వచ్చింది. నెల రోజుల లెక్క చూసుకుంటోందని నాకు తట్టలేదు. పర్మిషన్ పొడిగించానని ఇంకో అబద్ధం ఆడినా సరిపోయేది. అంత నేర్పున్నవాణ్ణి, సరిగ్గా అప్పుడే ఊరుకున్నాను.

నెల నిండే రోజున నేను ఉదయం షిఫ్టులో ఉండగా మూట పట్టుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చేసరికి నా భార్య వరండాలో కూర్చుని ఏడుస్తోంది. చెయ్యి పట్టుకుని ఆపానండీ, వాడి ఉద్యోగం పోతే నీ బిడ్డకి ఏం పెడతావే అని మీ అక్క అంటే నేనేం చెప్పను, మీరు చెప్పాల్సింది నేనెలా చెప్పను అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను ఆమె నిలదీసింది ఆ ఒక్కసారే.

మర్నాడే వెళ్ళాను. అక్క మంచం మీద ఉంది. నన్ను చూడగానే, సెలవు పెట్టావా, ఆఫీసు వాళ్ళు ఏమీ అనలేదు కదా అని అడిగింది. లేదన్నాను. మళ్ళీ రమ్మని బతిమాలాను. నవ్వి, ఈసారికి చాలులేరా అంది. రూలు లేదని అప్పుడూ చెప్పలేదు. చావుకి దగ్గరైన మనిషికి ఆ నిజం చెప్పి బాధ పెట్టడం ఎందుకు అనుకున్నాను. చూడండి, నా పిరికితనానికి ఎంత మంచి పేరు పెట్టుకున్నానో. వానలు మొదలవకముందే ఆమె పోయింది.

ఒక్కోసారి ఇంకో ఆలోచన వస్తుంది. బజారులో కొనేవాడి ముఖం చూసి వాడి జేబులో ఎంతుందో చెప్పగలిగిన మనిషి మా అక్క. చిన్నప్పుడు నేను ఏ చిన్న బొంకు బొంకినా చెవి పట్టుకునేది. అలాంటిది, నెల రూలు చెబుతున్నప్పుడు నా ముఖంలో ఏమీ చదవలేకపోయిందా? బాపట్లలో రోడ్డుకి అవతల కూర్చున్నట్టే, ఇక్కడ కూడా నా పరువు కోసం తెలిసీ తప్పుకుందా? ఆ తలుపు చాటు భయమంతా నాకోసం పడిన భయమా, లేక నన్ను నా అబద్ధంలో హాయిగా ఉండనివ్వడానికి చేసిన పనా? అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

పెద్దకర్మ రోజున పల్లెలో పెద్దవాళ్ళంతా నా భుజం మీద చెయ్యి వేశారు. నువ్వేం చేస్తావురా, కంపెనీ రూలు అలా ఉంటే అన్నారు. తల ఊపాను. అబద్ధం ఆడినదాని కన్నా ఆ తల ఊపినందుకే నాకు ఎక్కువ సిగ్గు.

అక్క ఆ రూలును ఊరంతటికీ చెప్పి పోయింది. నోట నోట పాకి నెల కాస్తా ఒక్క రాత్రి అయింది. మా పల్లె వాళ్ళు సిటీకి పని మీద వస్తే నా ఇంటికి వస్తారు, మంచినీళ్ళు తాగుతారు, పొద్దుగూకకముందే లేస్తారు. మొన్న మా పెదనాన్న కొడుకు, నాకు అన్న వరస, వదినకి కంటి ఆపరేషన్ చేయించడానికి సిటీకి వచ్చాడు. అది అయ్యాక ఈరోజు ఇద్దరూ మా ఇంటికి వస్తే, సాయంత్రం వాన పట్టుకుంది. ఉండండి అన్నయ్యా, వాన తగ్గాక రేపు వెళ్ళొచ్చు అన్నాను. వద్దులేరా, మీ అక్క అంత కష్టంలోనూ నీకు మాట రానివ్వలేదు, మావల్ల వచ్చిద్దేంటి అని వదినను నడిపించుకుంటూ బస్టాపుకి బయల్దేరాడు. గొడుగు పట్టుకుని వెంట వెళ్ళాను. ఆమె ఒక కంటికి కట్టు ఉంది. బురదలో అడుగు చూసుకుని వేస్తోంది. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. బస్సు వచ్చింది. సత్రంలో పడుకోవడానికి వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ హక్కు ఉన్న మనిషి వేరే. ఆమెకి చెప్పాల్సిన మాట ఒకసారైనా నా చేత్తో రాసి చూసుకోవాలి, అంతే.

అలాంటి రూలు లేదక్కా. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎస్టేట్ ఆఫీసు వాళ్ళు ఎవరి అక్కనూ ఎప్పుడూ పొమ్మనలేదు. పొమ్మన్నది నేను.