హెబ్రోను అతికించిన బ్యాట్

“చెప్పులు కుట్టుకునేవాడివి, బ్యాట్ల సంగతి నీకేం తెలుసయ్యా?”

నరేంద్రబాబు ఈ మాట అడిగింది పద్నాలుగేళ్ల కిందట, కావలిలో ఒక క్లబ్బు వరండాలో, నలుగురూ వింటుండగా. ఆయనకు తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటలున్నాయి, కావలిలో మేడ ఉంది, సాయంత్రాలు టేబుల్ టెన్నిస్ ఆడే సరదా ఉంది. ఆ రోజు తెగిన చెప్పు కుట్టడానికి పిలిపించిన హెబ్రోను, బెంచీ మీదున్న ఆయన బ్యాట్ తీసుకుని, రబ్బరును బొటనవేలితో నొక్కి చూసి, ఇది చచ్చిపోయి ఏడాదయింది అన్నాడు. అడగని మాట చెప్పినందుకు వచ్చిన ప్రశ్న అది.

హెబ్రోను నొచ్చుకోలేదు. నొచ్చుకునే తీరిక ఉన్న కులంలో అతను పుట్టలేదు. బంక తెలుసు సార్, రబ్బరు తెలుసు, ఆ రెండూ తెలిస్తే ఇంక మిగిలేది చెక్కే గదా అన్నాడు. నరేంద్రబాబు నవ్వి బ్యాట్ చేతికిచ్చాడు. వారం తిరక్కుండా పాత రబ్బరు ఒలిచి కొత్తది వేసి తెచ్చాడు హెబ్రోను. ఆ సాయంత్రం నరేంద్రబాబు వరసగా ముగ్గుర్ని ఓడించాడు. ఆ తర్వాత ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఎవరి బ్యాట్‌కి జబ్బు చేసినా కావలి ట్రంకు రోడ్డు మీది హెబ్రోను కొట్టుకు పంపించడం మొదలైంది.

కొట్టంటే పదడుగుల గది. ముందు అద్దాల బీరువాలో బూట్లు, వెనక తోలు పొడిచే ఆరె, ఉలి, దారం ఉండలు, తండ్రి వదిలిపోయిన ఇనుప దిమ్మె. బ్యాట్ల పని మాత్రం వేరే బల్ల మీద. చెప్పులకు వాడే పచ్చటి సొల్యూషన్ సీసాను ఆ బల్ల దరిదాపులకు రానివ్వడు. అలా ఘాటు ఆవిరి వదిలే బంక ఆటలో నిషేధం. బ్యాట్లకు నీళ్ల బంక వాడాలి. మజ్జిగలా తెల్లగా ఉంటుంది, ఆరితే అద్దంలా అయిపోతుంది. సముద్రపు గాలి కొట్టే ఊళ్లో అది ఆరడానికి హైదరాబాదులో పట్టేదానికి రెండింతల సేపు పడుతుంది. తొందరపడి అతికిస్తే లోపలి తడి బుడగై లేస్తుంది. ఈ రహస్యం తెలిసిన వాడు ఆ చుట్టుపక్కల హెబ్రోను ఒక్కడే, అతని పేరుకు మూలధనమూ ఇదే.

పేరు వచ్చింది గాని పెద్దగా డబ్బు రాలేదు. సాయంత్రాలు మిషను హాల్లో రెండు పాత బల్లలు వేసి పిల్లలకు ఆట నేర్పేవాడు. అక్కడికి తొమ్మిదేళ్ల వయసులో వచ్చిన పిల్ల నవోమి. తండ్రి లేడు. తల్లి ఎలిశబెతు రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతుంది. ఐసు నీళ్లలో ఎనిమిది గంటలు చేతులు నాని నాని, ఎలిశబెతు గోళ్లు చివర్ల నుంచి ఊడిపోయి, వేళ్లు ఉడికించిన కందగడ్డల్లా ఉంటాయి. పిల్లకు పద్దెనిమిది నిండాయి, ఇంటరు అయింది. కంపెనీ సూపర్‌వైజరు అప్పటికే రెండుసార్లు అడిగాడు, ఇంకా ఎందుకు ఇంట్లో కూర్చోబెట్టినావు, షెడ్డులోకి తీసుకురా అని.

దానికి అడ్డంగా నిలిచింది ఒక్కటే. విశాఖపట్నంలో ఒక కాలేజీ వాళ్లు మాటిచ్చారు. అండర్ నైన్‌టీన్ రాష్ట్ర పోటీల్లో మొదటి నలుగురిలో ఉంటే సీటు, హాస్టలు, తిండి, అన్నీ వాళ్లవే. నవోమికి ఆ వయసులో ఆడటానికి అదే ఆఖరి ఏడు. నలుగురిలో ఉంటే కాలేజీ, ఐదోది అయితే షెడ్డు.

ఆమె ఆట దానికి సరిపోతుందని హెబ్రోనుకు తెలుసు. ఆమె సరంజామా సరిపోదనీ తెలుసు. అందుకని సెప్టెంబరులో ఒక పొద్దుటి రైలుకు పిల్లను వెంటబెట్టుకుని చెన్నై పోయాడు.

ముందు బూట్లు. పరిగెత్తే బూట్లు వేసుకుని బల్ల ముందు ఎగిరే పిల్లల్ని చూస్తే హెబ్రోనుకు ఒళ్లు మండుతుంది. మడమ కింద అంత ఎత్తున్న బూటు ముందుకు పోవడానికి పనికొస్తుంది. టేబుల్ టెన్నిస్ ఆడేవాడు పోయేది పక్కకు. నవోమికి అప్పటికే రెండుసార్లు చీలమండ బెణికింది. చెన్నై కొట్టువాడు రంగురంగుల జతలు ముందర పోస్తుంటే, హెబ్రోను ఒక్కోదాని అడుగును మధ్యకు వంచి, గోరుతో గీరి, పక్కన పెడుతూ పోయాడు. చివరికి పలుచటి గమ్ము అడుగు ఉన్న తెల్ల జత తేల్చాడు. నవోమి తొడుక్కుని కొట్టు మధ్యలో కుడికీ ఎడమకూ గెంతితే చప్పుడు కాలేదు. అదే కావాలి అన్నాడు.

చెక్క దగ్గర పేచీ వచ్చింది. కార్బన్ పొర వేసిన బ్యాట్ మీద మనసు పడింది పిల్లకు.

“అదైతే బంతి బుల్లెట్ మాదిరి పోతాది మామా.”

“పోతాది. యాడికి పోతాదో నీకు తెలియాల గదా.”

ఐదు చెక్కలను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి విన్నాడు. ఒకటి పగిలిన కుండలా మోగింది, ఒకటి మరీ కంగుమంది. మూడోదాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఐదు పొరల ఉత్త చెక్క, తేలిక, పిడి చివర వెడల్పు. బంతి క్షణం సేపు చెక్క మీద కూర్చుని లేస్తుంది, ఆ క్షణంలోనే నీ బుర్ర పనిచెయ్యాలి అన్నాడు. కుడి దెబ్బకు ఎర్రటి జిగురు రబ్బరు, ఎడమ దెబ్బకు పలుచటి స్పాంజి ఉన్న నల్లది. మొత్తం పదమూడు వేల ఎనిమిది వందలు. సగం నేనిస్తాలేవయ్యా, గెలిచి పేపర్లో ఫొటో పడనీ, అని బయల్దేరే ముందే ఊళ్లో చెప్పి ఉన్నాడు నరేంద్రబాబు. హెబ్రోను నాలుగు వేలు చేతికిచ్చి, మిగతాది మాట మీద పెట్టి సరుకు తెచ్చుకున్నాడు.

బ్యాట్ కట్టడానికి ఒక రోజంతా తీసుకున్నాడు. బంక పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, రబ్బరు పరిచి, చపాతీ కర్రతో మెల్లగా దొర్లించి, అంచు వెంబడి ఒకే కోతతో కోశాడు. రెండు నెలల్లో నవోమి చెయ్యి దానికి అలవాటు పడింది. హాల్లో మగపిల్లలు ఆమెతో ఆడటానికి జంకారు. పాత బ్యాట్ సంచీలో పెట్టుకోవద్దని హెబ్రోను గట్టిగా చెప్పాడు. రెండూ కళ్లెదుట ఉంటే కొత్తదాని మీద చెయ్యి నిలవదని అతని సిద్ధాంతం.

పోటీలకు ముందు ఆదివారం ఎలిశబెతు బ్యాట్‌ని గుడికి తెచ్చింది. ఆ సంఘంలో అది మామూలే. హాల్ టికెట్లు, కొత్త ఆటో తాళాలు, బోరుకు బిగించే మోటారు, ఏది మొదలుపెట్టినా పాస్టరు అబ్రహాము అయ్యగారు ప్రార్థన చేసి నూనె అంటుతారు. హెబ్రోను ఆ సంఘంలో పెద్ద, ముందు వరసలో కూర్చునే మనిషి. పిల్లలు రబ్బరును ముట్టుకుంటే వేళ్ల మీద కొట్టేవాడు. చేతి చెమట తగిలితేనే రబ్బరు పట్టు పోతుందని పాఠాలు చెప్పేవాడు. అయ్యగారి బొటనవేలు నూనెలో మునిగి ఎర్ర రబ్బరు మీదకు పోవడం చూశాడు. పిడి మీద పూయండి అయ్యగారూ అంటే సరిపోయేది, ఆయన కాదనే మనిషి కాదు. నూటయాభై మంది కళ్లు మూసుకుని ఉన్నారు. హెబ్రోను కూడా మూసుకున్నాడు.

ప్రార్థన అయ్యాక గుడి వెనక తడిగుడ్డతో రబ్బరును తుడిచాడు. ఒక వేలి ముద్రకు ఏం కాదులే అనుకున్నాడు, అది నిజమే కూడా. అతనికి తెలియనిదేమంటే, అయ్యగారు సీసాలో మిగిలిన నూనెను ఎలిశబెతు చేతికిచ్చి ఇంట్లో ఉంచుకోమ్మా అన్నారు.

ఆ వారం అల్పపీడనం పట్టి వాన ఆగలేదు. బుధవారం నవోమి, బంతి జారతండాది మామా అంది. తడిగాలి పట్టినప్పుడు ఈ తీరంలో ఏ రబ్బరైనా జారుతుంది. పద్నాలుగేళ్లుగా చూస్తున్న సంగతి. తుడుచుకుని ఆడు అన్నాడు. గురువారమూ అదే మాట, అదే జవాబు. తెలిసిన విషయమే గదా అని బ్యాట్‌ని చేతిలోకి తీసుకుని కూడా చూడలేదు.

బెజవాడలో, రాష్ట్ర పోటీల మొదటి రోజు నవోమి రెండు ఆటలు నెగ్గింది. బంతి ఒక్కోసారి బల్ల దాటి పోతుంటే హెబ్రోను దాన్ని బెదురనుకున్నాడు. రెండో రోజు క్వార్టర్ ఫైనల్. అది గెలిస్తే నలుగురిలో ఉన్నట్టే. ఆ దశ నుంచి బ్యాట్లను కొలుస్తారు. అంపైరు ఇనుప స్కేలును ఎర్ర రబ్బరుకు అడ్డంగా ఆనించి, కంటి ఎత్తుకు లేపి చూశాడు. స్కేలు నడిమి మీద నిలబడి అటూ ఇటూ ఊగింది. రబ్బరు పూరీలా పొంగి ఉంది. గేజి పెట్టి కొలిస్తే నాలుగు మిల్లీమీటర్ల హద్దు దాటింది. అంపైరు ముక్కు దగ్గర పెట్టుకుని, ఏం బూస్టరు పూశారు అన్నాడు. వేగం కోసం స్పాంజికి నూనె పట్టించే దొంగ విద్య ఒకటుంది, దాని పేరది.

హెబ్రోను బ్యాట్ అందుకుని వాసన చూశాడు. ఆలివు నూనె, అందులో ఏదో అత్తరు. గుడిలో వచ్చే వాసనే.

“ఎవరు రాసినారు?”

నవోమి బూట్ల వైపు చూస్తూ చెప్పింది. “అమ్మ. రోజూ తెల్లారి డ్యూటీకి పోబొయ్యే ముందు ప్రార్థన చేసి రాస్తా ఉన్నింది. అంచులకు గూడా. నేను జూసినా మామా. వద్దనేదానికి నోరు రాలా.”

వేరే బ్యాట్‌తో ఆడుకోవచ్చు అన్నాడు అంపైరు. ఉన్న ఒక్క వేరే బ్యాట్ కావలిలో ట్రంకుపెట్టెలో ఉంది. గుంటూరు పిల్ల ఒకతె జాలిపడి తన కార్బన్ బ్యాట్ ఇచ్చింది. బంతి నిజంగానే బుల్లెట్‌లా పోయింది, ఎక్కువ సార్లు బల్ల అవతలికి. ఇరవై రెండు నిమిషాల్లో మూడు గేములూ పోయాయి.

ఇద్దరూ తిరుగు రైలెక్కారు. కావలి స్టేషన్లో ఎలిశబెతు నీలం యూనిఫారంలోనే నిలబడి ఉంది, షిఫ్టు నుంచి నేరుగా వచ్చినట్టుంది. విషయం ఫోన్లో సగం విని ఉంది. కూతుర్ని అడగలేదు, హెబ్రోనును అడిగింది.

“అన్నా, బ్యాట్ ఉబ్బిందంట గదా. ఎందుకుబ్బింది?”

నవోమి తలెత్తి అతని వైపు చూసింది. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడు వాళ్లను చుట్టుకుని పోయాడు.

“బంకమ్మా,” అన్నాడు హెబ్రోను. “సరిగ్గా ఆరకముందే అతికించినా. లోపల తడి నిలబడిపొయ్యి ఈ వానలకు ఉబ్బింది.”

ఎలిశబెతు అతని చేతుల వైపు చూసింది. “పద్నాలుగేండ్లు ఇదే పనిగదన్నా నీది,” అంది. “నా బిడ్డ దగ్గరే తప్పు పడాల్నా?”

తర్వాత ఈ మాట విన్నవాళ్లలో, అసలు సంగతి పసిగట్టిన ఒకరిద్దరు తమలో తాము దీన్ని త్యాగం అన్నారు. అది త్యాగం కాదు. గుడిలో నోరు మూసుకున్న మనిషే స్టేషన్లోనూ నోరు మూసుకున్నాడు. కాకపోతే ఈసారి ఖర్చు తన మీద పడింది. నిజం చెబితే ఎలిశబెతు ఐసు నీళ్ల దగ్గర నిలబడ్డ ప్రతి గంటా ఆ సీసానే తలుచుకుంటుంది. అంతవరకూ అతను ఆలోచించాడు. ఆ అబద్ధం తల్లికీ కూతురికీ మధ్య ఏం పెడుతుందో ఆలోచించలేదు. నిజం తెలిసిన పిల్ల, తెలియని తల్లి, ఒకే గదిలో ఉండాలి.

ఆదివారం అబ్రహాము అయ్యగారు నవోమి కోసం ప్రార్థించి, అంతా దేవుని చిత్తం అన్నారు. ఆయనకు నిజంగానే ఏమీ తెలియదు. హెబ్రోను ముందు వరసలో కూర్చుని ఆమేన్ అన్నాడు.

బంక తప్పన్న మాట వారంలో ఊరంతా పాకింది, పది రోజుల్లో ఒంగోలు చేరింది. చేసినవాడే ఒప్పుకున్నాక ఇంకెవరు కాదంటారు? కట్టడానికి వచ్చిన నాలుగు బ్యాట్లను సొంతదారులు వచ్చి వెనక్కి తీసుకుపోయారు. క్లబ్బు వాళ్లు చెన్నైలోనే కట్టించుకుంటున్నారు. హెబ్రోను నరేంద్రబాబు ఇంటికి పోయి సగం డబ్బు సంగతి కదిపితే ఆయన కోప్పడలేదు.

“పని చెడగొట్టింది నువ్వు, డబ్బు నేనా?” అన్నాడంతే. “పోనీలే, టీ తాగి పో.”

టీ తాగి వచ్చాడు.

జనవరి మొదటి సోమవారం నవోమి షెడ్డులో చేరింది. గమ్‌బూట్లు, తలకు వల, మోచేతుల దాకా గ్లవ్స్. తల్లిది పొద్దుటి షిఫ్టు, ఆమెది మధ్యాహ్నం షిఫ్టు. కంపెనీ గేటు దగ్గర ఇద్దరూ ఎదురవుతారు, అన్నం గిన్నె చేతులు మారుతుంది. ఎలిశబెతు గుడిలో హెబ్రోను కనిపిస్తే వందనాలు కూడా చెప్పడం మానేసింది. నవోమి మాత్రం చేరే ముందు రోజు కొట్టుకు వచ్చి, తెల్ల బూట్లను శుభ్రంగా కడిగి, కాగితం చుట్టి బల్ల మీద పెట్టింది.

“ఇవి ఎవరికన్నా అమ్మెయ్ మామా.”

“అమ్మతో చెప్పేస్తాను నవోమీ. చెప్పమంటావా?”

“నువ్వు చెప్పాల్సింది ఇప్పుడు గాదులే,” అని వెళ్లిపోయింది.

బూట్లు కొడవలూరు పిల్లవాడొకడు రెండు వేలకు కొన్నాడు. ఆ రెండు వేలూ పంపించాక, చెన్నై కొట్టుకు హెబ్రోను ఇంకా ఏడు వేల ఎనిమిది వందలు ఇవ్వాలి.