నాకంటే ముందు నా షడ్డకుడికి జీతం

నా షడ్డకుడికి పూర్తి జీతం మొదలైందన్న సంగతి నాకు ఇటిక్యాలలో, మా అత్తగారింట్లో అన్నం తింటుంటే తెలిసింది. షడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. వనపర్తి వాడు, నాకంటే చిన్నవాడు. ఆ ఆదివారం మా అత్త కూరగిన్నెలోంచి కార్జం ముక్కలు ఏరి వాడి పళ్లెంలో వేసింది. పెద్దల్లుడినని అంతకుముందు అవి ఎప్పుడూ నా పళ్లెంలోనే పడేవి.

"చిన్నల్లుడు పక్కా డ్రైవర్ అయిండు. ఇగ సగం కిరాయి ఆయనదే," అన్నాడు మామ. తర్వాత నా వైపు తిరిగి, "నీదెప్పుడు మొదలైతది అల్లుడా?" అని అడిగాడు.

"తొందర్లనే మామా," అన్నాను.

మేమిద్దరం గద్వాలలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టులో ఒకే రోజు చేరాం. నేను ట్రాక్టర్ నడిపినవాణ్ణి, ఆ తర్వాత పత్తివిత్తనాల డీసీఎం వ్యాను నడిపినవాణ్ణి. వాడు సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చుని, ఎట్లాగో హెవీ లైసెన్సు సంపాదించుకున్నాడు. ఆ ట్రాన్స్‌పోర్టులో దూరం పోయే లారీకి ఇద్దరు డ్రైవర్లుంటారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పడుకుంటారు, బండి మాత్రం ఆగదు. కొత్తవాళ్లను ముందు పని నేర్పే ఒక ఉస్తాద్ బండి ఎక్కిస్తారు. డ్రైవర్లకు జీతమంటే లారీ కిరాయిలో వాళ్ల వంతు, నెలనెలా ఇస్తారు. నేర్చుకున్నన్నాళ్లు మాకు తిండి బత్తా ఒక్కటే. మేం ఎంత దూరం నడిపినా ఇద్దరు డ్రైవర్ల కిరాయీ ఉస్తాద్‌కే పోతుంది, నేర్పుతున్నది ఆయన కాబట్టి. "ఇతనికి బండి ఇయ్యొచ్చు" అని ఆయన ఆఫీసులో చెప్పిన రోజు నుంచి సగం మనది. చేరినప్పుడే మేనేజరు ఇదంతా చెప్పాడు. నేను హాయిగా తలూపాను. ముందు గట్టెక్కేది నేనేనని నాకు అనుమానమే లేదు.

మా ఇద్దరికీ ఉస్తాద్ ఒక్కడే. నాగర్‌కర్నూల్ ఆయన, గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు, నడుం నొప్పి మనిషి. నేను స్టీరింగ్ పట్టుకుంటే వెనక బెర్తు మీద పడుకుని నిద్రపోయేవాడు. షడ్డకుడు నడిపితే మాత్రం పక్కనే కూర్చుని "క్లచ్ తొక్కు, జర నిదానం" అని అరుస్తూ ఉండేవాడు. అట్లాంటివాడికి ముందు జీతమా!

ఆ తర్వాత వాణ్ణి వేరే బండికి మార్చారు. స్టీరింగ్ ముందు దిగిన ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాడు. చూడొద్దనుకుంటూనే పెద్దగా చేసి చూసేవాణ్ణి. "చెల్లె ఫ్రిజ్ కొన్నదంట," అని నా భార్య అంటే, "కొననీ," అని బయటికి పోయేవాణ్ణి. వాడి బండికి ఎక్కడైనా టైరు పేలిందని ఎవరైనా చెప్తారేమోనని చెవి అటే పెట్టుకునేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం పెబ్బేరు దగ్గర చాయ్ తాగుతూ ఉస్తాద్‌ను అడిగేశాను.

"ఉస్తాద్, నా సంగతేంది?"

"జర ఆగు బేటా. ఏం తొందర?"

"వానికెట్ల ఇచ్చిండ్రు మరి? వానికంటే నేను మంచిగ నడుపుత. మీకు తెల్వదా?"

ఆయన చాయ్ గ్లాసులోకి చూశాడు. "తెలుసు గనకనే. వాడు నడిపితే నాకు నిద్ర పట్టదు. వానికి బండి ఇయ్యొచ్చు, గట్టి డ్రైవర్ పక్కన ఎయ్యుండ్రి, ఆయనే నేర్పుకుంటడని ఆఫీసుల చెప్పిన. నువ్వట్ల కాదు. నువ్వుంటే నేను బేఫికర్‌గ పండుకుంట. నువ్వు పోతే మళ్ల కొత్తోడు, మళ్ల మొదటి సంది."

"నా సగం కిరాయి మీకు వస్తున్నది, గదీ ఉన్నది గద?"

"ఉన్నది," అన్నాడు. "ఇంట్ల ఖర్చులున్నయి. అబద్ధమెందుకు చెప్పాలె?"

మంచిగా నడిపినందుకే నేను వెనకపడ్డానని అప్పుడు అర్థమైంది. నా పనితనాన్ని మెచ్చుకున్నాడని సంతోషించాల్సింది. నాకు మాత్రం షడ్డకుడి మీద ఇంకా మండింది. రానివాడికి రానందుకే జీతం ఇచ్చారు.

గద్వాల చేరగానే మేనేజరు దగ్గరికి పోయాను.

"ఉస్తాద్ చెప్పకుండ నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"మీరే పక్కన కూసోండ్రి సార్. నడిపి చూపిస్త."

నా మొండితనం చూశాడో, ఆయనకే అటు పని ఉందో, నాగర్‌కర్నూల్ పోయే బియ్యం లోడు మీద నా పక్కన ఎక్కాడు. దారంతా ఫోన్లోనే ఉన్నాడు, ఒక్కసారి కూడా రోడ్డు వైపు చూడలేదు. చివర్లో, ఆటోలూ బస్సులూ కిక్కిరిసిన సందులో లారీని వెనక్కి నడిపి గోదాం గేటులో తిన్నగా పెట్టాను. అప్పుడు ఫోన్ చెవి నుంచి తీసి, అద్దంలో ఒకసారి చూశాడు.

"వచ్చే నెల సంది నీకు సగం. ఉస్తాద్‌కు నేను చెప్త," అన్నాడు.

ఉస్తాద్ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకసారి పెట్రోలు బంకులో కనబడి భుజం మీద చెయ్యి వేశాడు. "కొత్తోడొచ్చిండు. కండ్లు మూస్తే ఒట్టు," అని నవ్వి పోయాడు.

ఇప్పుడు నేనూ షడ్డకుడూ ఒకే బండి మీద జోడీగా ఉన్నాం. వాడిప్పుడు బాగానే నడుపుతాడు. కిరాయి ఇద్దరికీ సమానం. అయినా వాడికి ముందు జీతం మొదలైంది కాబట్టి పెద్ద డ్రైవరు వాడే, లోడు ఫోన్లు వాడికే వస్తాయి.

ఒకరోజు శ్రీరంగాపూర్ దాటాక వాడే మాటెత్తాడు. "అన్నా, ఒకటి చెప్తె నవ్వద్దు. అప్పుడు ఉస్తాద్ నిన్ను ఇడిసిపెట్టకుంటె నాకు కడుపు మండుతుండె. నన్ను ఒదిలించుకున్నడు, నిన్ను ఉంచుకున్నడు అని."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఏమన్నవ్? బండి చప్పుడుకు ఇనబడలే," అన్నాను. వాడు పాపం మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

అంతటితో నా కుళ్లు పోయిందంటే అబద్ధం. నెల మొదట్లో జీతం పడ్డ మెసేజ్ ఎవరి ఫోనుకు ముందొస్తుందా అని ఇప్పటికీ చూస్తాను. పోయిన నెల వాడికే ముందొచ్చింది. "అన్నా, పడ్డయి," అన్నాడు సంబరంగా. నేను నా ఫోన్ జేబులో పెట్టుకుని, టైర్లు చూసొస్తానని బండి దిగాను.