చిన్నత్త నోరా, పెద్దమావ పడవా

పొద్దున్నే గులాబీ మీద మంచుబొట్టు వేసి, కింద పసుప్పచ్చ అక్షరాలతో "శుభోదయం" అని పంపేవాళ్ల మీద నాకు చాలాకాలంగా ఫిర్యాదు ఉంది. ఫోన్ నిండిపోతుందన్నది అసలు బాధ కాదు. పంపేవాళ్లలో చాలామందికి ఆ అక్షరాలు చదవడం రాదు. అందులో తిట్టు రాసి ఉన్నా అంతే భక్తితో పంపుతారు.

ఒకప్పుడు రోజుకి ఒక గులాబీ వచ్చేది. మా చిన్నమావ ఎలా పోయాడన్న విచారణ మొదలయ్యాక రెండు రావడం మొదలుపెట్టాయి. మా కుటుంబం ఫోన్ గ్రూపు రెండుగా చీలిపోయింది మరి. పెద్దమావ వైపు వాళ్లదొకటి, చిన్నత్త వైపు వాళ్లదొకటి. రెండింటిలోనూ ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. నా నిష్పాక్షికత మీద గౌరవం కొద్దీ అలా ఉంచారని చెప్పుకోవాలని ఉంది గాని, నిజానికి నన్ను తీసేయాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. డిగ్రీ చదివి ఈ మలయ్ దేశంలో, ఇపో పట్నంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పేవాడి వల్ల లాభంగాని నష్టంగాని ఉంటుందని మా వాళ్లెవరూ నమ్మరు.

మా అమ్మకి ఇద్దరు తమ్ముళ్లు. పెద్దమావ సుంగై సుమున్ దగ్గర పామాయిల్ తోటలో కూలీల మీద మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయింది గాని, ఎదుటివాడు కూలీ అన్న అభిప్రాయం అలాగే ఉండిపోయింది. చిన్నమావ మిల్లులో లారీ నడిపేవాడు. ఆయన భార్యే చిన్నత్త. పక్క వీధిలోనే ఇల్లు, పిల్లల్లేరు. సెలవు దొరికితే అన్నగారి చెక్కపడవ, సంపాన్, తీసుకుని నదిలోకి రొయ్యలకి వెళ్లేవాడు. ఒకరోజు అలాగే వెళ్లాడు, తిరిగి రాలేదు. మర్నాడు పడవ ఒడ్డున నీపా తాటిపొదల్లో చిక్కుకుని, సగం నీళ్లతో దొరికింది. దొరికింది పెద్దమావకే. బొంబా, అంటే ఫైరింజన్ వాళ్లు, మోటారు బోట్లేసుకుని నదంతా గాలించారు. నది వాళ్లకి టైర్లు ఇచ్చింది, ఒక ఫ్రిజ్ తలుపు ఇచ్చింది. మావని ఇవ్వలేదు.

మొసలి అన్నవాళ్లు కూడా ఉన్నారు. కానీ మొసలితో మా బంధువుల్లో ఎవరికీ పాత తగాదాలు లేకపోవడంవల్ల ఆ వాదానికి మద్దతు రాలేదు. మిగిలినవి రెండు. మొదటిది చిన్నత్త నోరు. ఆ రోజు ఇంటి గేటు బాగుచేయలేదని ఆవిడ ఆయన్ని వీధంతా వినేలా తిట్టింది. ఆ తిట్లు భరించలేక, తిండికూడా లేకుండా వెళ్లి నదిలో దూకేశాడని పెద్దమావ పార్టీ. రెండోది పెద్దమావ పడవ. అడుగు చెక్క ఒకటి ఏళ్లుగా వదులు. దానికాయన కొబ్బరిపీచు కుక్కి తారు పూసేవాడు. "గట్టిగా ఉంది లా" అని మలయ్ తోక తగిలించి అందరికీ ఇచ్చేవాడు గాని తను ఎక్కేవాడు కాదు. అది మునిగిందని చిన్నత్త పార్టీ. మనిషి పోయాడన్న దుఃఖం రెండు గ్రూపుల్లోనూ ఉండే ఉంటుంది. గులాబీల మధ్య నాకు కనబడలేదు.

కొన్నాళ్లు చూసి పెద్దమావ పంతులుగారిని మాట్లాడుకొచ్చాడు. శవం దొరక్కపోతే దర్భగడ్డితో మనిషిని కట్టి, కొబ్బరికాయ తలగా పెట్టి, దానికే దహనం చేయడం మన పద్ధతి. ఆ మాట చెప్పడానికి ఆయన చిన్నత్త గుమ్మం దగ్గరికొచ్చాడు. నేనూ ఉన్నాను, నన్నెవరూ ఉండమనకపోయినా.

"ఆత్మ తిరుగుతాది. కార్యం సేసీవాల," అన్నాడు.

"మనిసి దొరకలేదు బావా. గడ్డిని కాలిస్తే మనిసి సచ్చిపోతాడేటి?"

"నీకేటి తెల్సు? సాస్త్రం."

"దూకీసినాడని సెప్పి కాలుస్తారా, మునిగిపోనాడని సెప్పి కాలుస్తారా? ముందది సెప్పండి."

"దూకీసినాడు. నీ నోటికి బయపడి."

ఆవిడ తలుపు వేసేసింది. ఆ తలుపు గట్టిగా వేయడానికి పనికొచ్చే తలుపు కాదు, ప్లాస్టిక్‌ది. అయినా వేసింది.

దహనం ఆవిడ లేకుండానే నది ఒడ్డున జరిగింది. పెద్దమావ తోటలో కూలీలని పురమాయించినట్టే అంతా దగ్గరుండి చేయించాడు. గడ్డిమనిషికి తమ్ముడి చొక్కా తొడిగించాడు. నేను వెనకవరసలో నిలబడి పొగ ఎటు వస్తే దానికి ఎదురువైపు జరుగుతూ ఉన్నాను. నా భాగస్వామ్యం అంతవరకే.

చిన్నత్త మాత్రం పోలీసుల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఆయన చనిపోతే ఎలా చనిపోయాడో తన బావగారు కాకుండా ఇంకెవరైనా తేల్చి చెప్పాలి. మార్కెట్లో కూరగాయల దగ్గర ఆవిడ చేయి పెడితే పక్కావిడ తన చేయి వెనక్కి తీసేసుకునేదట. మొగుణ్ని నదిలోకి తోలిన ఆడది అని పేరు పడ్డాక అదే వీధిలో బతకడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎలా ఉంటుందని ఆవిడ కూడా ఎప్పుడూ చెప్పలేదు. మొత్తానికి తిరగ్గా తిరగ్గా విచారణ వచ్చింది. ఇపో కోర్టులో, మరణకారణం తేల్చే కరోనర్ ముందు.

ఇద్దర్నీ తీసుకొచ్చింది నా కారే. అత్తని ఇంట్లోంచి పిలుచుకొచ్చేసరికి, ముందు సీట్లో పెద్దమావ ఎక్కి కూర్చుని ఉన్నాడు. "అక్క కొడుకు కారు. నాకు అక్కు లేదేటి?" అన్నాడు. అత్త వెనక ఎక్కింది. ఆ తర్వాత ఇపో చేరేదాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు, నా ద్వారా.

"ఒరే, మీ అత్తకి సెప్పు. కోర్టులో అరవకూడదు. అక్కడ మొగుడుండడు, ఇనుకోడానికి."

"బాబూ, మీ మావకి సెప్పు. పడవ గురించి అడిగితే పడవ గురించే సెప్పమను. నా గురించి కాదు."

"పడవకేటొచ్చింది? ఇనుములాంటి పడవ."

"అందుకే మునిగింది బాబూ."

నేను రేడియో పెట్టాను. ఇద్దరూ ఒకేసారి "ఆపు" అన్నారు. ఆ రోజు వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

కరోనర్ ఒక మలయ్ ఆవిడ. చాలా మెల్లగా మాట్లాడే మనిషి. మా వాళ్లు మెల్లగా మాట్లాడేవాళ్లని చూసి భయపడరు, అది వాళ్లు చేసే తప్పు. పక్కన ప్రాసిక్యూటర్, చైనీస్ కుర్రాడు, మర్యాదస్తుడు. ముందు చిన్నత్తని పిలిచారు. మా వాళ్లందరూ అక్కడ మలయ్‌లోనే మాట్లాడారు. బజారు మలయ్ అనుకోండి. నేనిక్కడ తెలుగు చేసి రాస్తున్నాను, అమ్మగారు అనే అర్థమున్న "పువాన్" ఒక్కటి తప్ప.

ఆ రోజు భర్తని తిట్టారా అని అడిగారు.

"తిట్టినాను పువాన్. రోజూ తిట్టినాను. రోజూ ఎల్లినాడు, రోజూ వచ్చినాడు."

"తిట్టాక ఏం చేశారు?"

"అన్నం కట్టి ఇచ్చినాను. క్యారియర్‌లో. సేపల కూర."

ఎవరైనా చూశారా? లేదు. ఆ క్యారియర్ ఇంటికి తిరిగి వచ్చిందా? లేదు. పడవ దొరికినప్పుడు పోలీసులు తీసిన ఫోటోల్లో ఉందా? ప్రాసిక్యూటర్ ఫోటోలు తిరగేశాడు. వల ఉంది, తెడ్డు ఉంది, క్యారియర్ లేదు. మా వెనక బెంచీలో పెద్దమావ పార్టీ తృప్తిగా దగ్గింది. అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, వాటిని ఎవరో అక్కడ వదిలేసి వెళ్లినట్టు చూస్తూ ఉంది.

తర్వాత పెద్దమావ. ఇస్త్రీ చొక్కా, విభూతి, తోట మేనేజర్ ముందు నిలబడే నిలువు. ఆ రోజు ఆవిడ వండలేదని, తమ్ముడు పస్తుతో వెళ్లాడని, ఆ బాధతోనే ప్రాణం తీసుకున్నాడని గడగడా చెప్పాడు. బాగా చెప్పాడు. నాకే నమ్మబుద్ధి వేసింది. నాకు ఆ ఇద్దరూ తెలిసి ఉండి కూడా.

ప్రాసిక్యూటర్ తలూపి, చాలా వినయంగా, మీ కుటుంబం ఆయనకి కర్మ చేసిందని విన్నాను, శవం లేకుండా ఎలా చేశారు అని అడిగాడు.

ఆ ప్రశ్న అడగకపోయినా పెద్దమావ ఆ జవాబు చెప్పేవాడే. ఆ దహనం ఆయన జీవితంలో చేయించిన పనుల్లో గొప్పది. దాన్ని ఇన్నాళ్లూ ఎవరూ మెచ్చుకోలేదు.

"గడ్డితో మనిసిని కట్టినాం. గడ్డి అంటే వట్టి గడ్డి కాదు. ఆడి సొక్కా ఎట్టినాం. ఆడు తాకిన వస్తువులన్నీ ఎట్టాల, లేపోతే గడ్డి గడ్డిగానే ఉంటాది, మనిసవ్వదు. ఆడి సెప్పులు ఎట్టినాం. పడవలో ఆడు ఆకర్న తిన్న గిన్నె ఉంది, అదీ కుడిసేతి పక్కన ఎట్టినాం. ఏదీ ఒగ్గలేదు."

"ఏ గిన్నె?" అన్నాడు ప్రాసిక్యూటర్.

"క్యారియర్."

"ఆ క్యారియర్ మీకు ఎక్కడ దొరికింది?"

"పడవలోనే. మేకుకి ఏలాడతా ఉంది. పోలీసులొచ్చేలోగా నానే తీసి ఇంట్లో ఎట్టినాను. ఆకరి తిండి గిన్నె, మైల పడకూడదు కదా."

వెనక ఎవరో "అయ్యో" అన్నారు, మరీ మెల్లగా కాదు. పెద్దమావకి మాత్రం ఇంకా ఏమీ వినబడలేదు. శాస్త్రం సగంలో ఉన్నాడు.

"దాన్ని తెరిచి చూశారా?"

"పంతులు తెరవమన్నాడు. పై గిన్నె కాళీ. కింద గిన్నెలో అన్నం, సేప ముక్క, మూత గట్టిగా బిగించి ఉంది. కుళ్లిపోనాది. అలాగే అగ్నిలో ఎట్టినాం."

కరోనర్ పెన్ను కింద పెట్టి, అదే మెల్లని గొంతుతో అడిగింది.

"అంటే ఆమె వండి కట్టింది. ఆయన సగం తిన్నాడు. మిగతాది తర్వాత తిందామని మూత పెట్టుకున్నాడు. అంతేనా?"

పెద్దమావ విభూతి చెరిగేలా నుదురు తుడుచుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన తన మాటల్ని తనే వెనక్కి లెక్కపెట్టుకోవడం చూశాను. చూడదగ్గ దృశ్యమే గాని, నేను అనుకున్నంత సంతోషం కలగలేదు. అత్త వైపు చూశాను. ఆవిడ గెలిచిన మనిషిలా లేదు. ఆ మూత బిగించిన చిన్నమావ చేతిని చూస్తున్నట్టు ఉంది.

"ఆ సంపాన్ ఇప్పుడెక్కడుంది? అడుగు చెక్క చూడాలి," అంది కరోనర్.

పెద్దమావ మా బెంచీల వైపు చూశాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. నేను ఎదుటి గోడ మీద గడియారాన్ని చాలా శ్రద్ధగా చూశాను.

"లేదు పువాన్."

"ఏమైంది?"

"పోలీసులు ఫోటోలు తీసుకుని ఇచ్చీసినారు. సితికి కట్టెలు కావాల కదా. ఆడు ఆకర్న కూచున్న సెక్క..." అక్కడ ఆగి, ఇంకెటూ తోవ లేక పూర్తి చేశాడు. "పగలగొట్టి కాల్చీసినాం."

అంతా కలిపి చెప్పుకుంటే, మా పెద్దమావ భక్తిశ్రద్ధలతో తన మీద ఉన్న సాక్ష్యాన్ని బూడిద చేసి, ఆవిడ కోసం ఉన్న సాక్ష్యాన్ని నోటితో తిరిగి తెచ్చి ఇచ్చాడు. ఆయన అందులో ఏదీ కావాలని చేయలేదని నా నమ్మకం. చిన్నత్త పార్టీలో ఆ నమ్మకం ఉన్నవాళ్లు లేరు. ఆ రోజు వాళ్ల గ్రూపులో పడవ గురించి వచ్చిన మాటలు నేనిక్కడ రాయను. ఆ పక్కనే వినాయకుడి బొమ్మ కూడా ఉంది.

తీర్పు చెప్పిన రోజు కూడా అదే కారు, అవే సీట్లు. ఆయన బతికి ఉన్నాడనుకోవడానికి ఆధారం లేదని, ఆ రోజే నదిలో పడి ప్రమాదవశాత్తు మునిగి చనిపోయి ఉంటాడని కరోనర్ చెప్పింది. ప్రాణం తీసుకున్నాడనడానికి ఏ ఆధారమూ లేదని, ఆ మాట మాత్రం రెండుసార్లు చెప్పింది. పడవ పరిస్థితి తేల్చడానికి పడవ లేదంది. అత్త లేచి నిలబడి నమస్కారం పెట్టింది. కోర్టులో నమస్కారాలు పెట్టరని ఎవరూ చెప్పలేదు.

బయట కారు దగ్గర ఎండ మండుతోంది. నేను తాళం తీస్తున్నాను. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంటోంది, ఎండకో దేనికో. పెద్దమావ కారు పైన చేయి ఆనించి, కాలిందని తీసేసి, గొంతు సవరించుకున్నాడు. మళ్లీ మేస్త్రీ అయ్యాడు.

"ఒరే, మీ అత్తకి సెప్పు. అయిపోనాది కదా. ఇంక తగువు ఒద్దు. కోర్టు ఆ రోజే సచ్చిపోనాడంది, మనం కాల్చిన తిథి వేరు. ఏ తిథికి తద్దినం ఎట్టాలో పంతుల్ని అడుగుతాను. పిల్లల్లేరు, అన్నని నానున్నాను. నానే ఎడతాను."

అత్త కొంగు భుజం మీద వేసుకుంది.

"మీరు ఆ గడ్డికి ఎట్టుకోండి బావా. నా మొగుడికి నాను ఎట్టుకుంతాను."