మోచెయ్యంత ట్రౌట్

నా చిన్నప్పుడు మిషిగన్ నదుల్లో ట్రౌట్ చేపలు మొసళ్ళంత ఉండేవి. ఒడ్డున నిలబడితే మనల్ని చూసి కన్నుకొట్టేవి. సరే, కన్నుకొట్టేవి కావు. చేపకి రెప్పలుండవని నాకూ తెలుసు. మొసళ్ళంత కూడా ఉండేవి కావు. ఎంత ఉండేవో చెప్పడానికే ఇది రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

డెబ్బైల చివర్లో మేం డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళు. ఆదివారం సాయంత్రాలు ఓ అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగువాళ్ళం ఆరాధనకి చేరేవాళ్ళం. పాటలయ్యాక ఒక్కొక్కరే లేచి, ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. పెద్దవాళ్ళు గ్రీన్‌కార్డు వచ్చిందనో, మంచులో కారు జారినా బతికి బయటపడ్డామనో చెప్పేవాళ్ళు. నేను లేచి చేపల సంగతి చెప్పేవాణ్ణి. పక్కింటి అమెరికన్ తాత తన పాత గాలం కర్ర నాకిచ్చి, ఇంటి ముందు గడ్డిలోనే దారం విసరడం నేర్పాడు. ఆ గడ్డిలో నా గాలానికి చిక్కినవి ఒక గులాబీ మొక్క, ఒకసారి పోస్ట్‌మాన్ టోపీ. సాక్ష్యంలోకి వచ్చేసరికి అవి బలిసిన ట్రౌట్లయిపోయేవి. ఏదిరా ఆ చేప అంటే, జాలేసి వదిలేశానంకుల్ అనేవాణ్ణి. ఒకసారి అమ్మ కొట్లో కొన్న చేపని నేనే పట్టానని పట్టుకెళ్ళి చూపించాను. దాని తోక మీద ధర చీటీ అలాగే ఉంది. ఆ తర్వాత నేను సాక్ష్యానికి లేస్తే చాలు, వెనక వరసలో దగ్గులు మొదలయ్యేవి.

మా అత్తయ్య, అంటే నాన్నకి అక్క, మాతోనే ఉండేది. నరసాపురం మనిషి, డెట్రాయిట్‌లో నర్సు. అబద్ధమాడటం ఆవిడకి చేతయ్యేది కాదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, "ఉప్పెక్కువైంది వదినా" అని మొదటి ముద్దకే చెప్పేసేది. కొందరు పిలవడం మానేశారు కూడా. కానీ నలుగురిలో ఏదైనా తేలకపోతే అందరూ ఆవిడ మొహం వైపే చూసేవాళ్ళు. ఆవిడ అవునందంటే అవునే.

ఆ జూలైలో చర్చివాళ్ళందరం ఉత్తరాన ఓ ట్రౌట్ నది ఒడ్డుకి పిక్నిక్‌కి వెళ్ళాం. ఆ నది గోదావరంత ఉంటుంది. కాదులెండి, మా బేస్‌మెంట్ హాలంత ఉంటుంది. పైన ఒక డ్యామ్ ఉంది. పొద్దున నీళ్ళు మోకాలి లోతే, అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఎండ ముదిరి ఊళ్ళలో ఏసీలు మొదలయ్యాక కరెంటు కోసం డ్యామ్ తలుపులు తీస్తారు. సైరన్ మోగుతుంది, నీళ్ళు లేస్తాయి. సాయంత్రానికి మళ్ళీ తగ్గుతాయి. నేను చేప తెస్తానన్నానని అత్తయ్య చింతపండు నానబెట్టి, మసాలా నూరి, పులుసుకి అంతా సిద్ధం చేసుకొచ్చింది. మిగతావాళ్ళు నా సంగతి తెలుసు కాబట్టి చికెన్ తెచ్చుకున్నారు.

పొద్దున్నే నీళ్ళలోకి దిగాను. ఈకలతో, దారంతో కట్టిన దొంగ ఈగని గాలానికి పెట్టి విసిరితే, అది నిజం ఈగలా నీటి మీద వాలాలి. నాది ముందు చెట్టు మీద వాలింది, తర్వాత నా చొక్కా మీద. ఎప్పటికో నీటి మీద వాలింది, వెంటనే కింద నుంచి తెల్లగా ఏదో మెరిసి దాన్ని లాక్కుంది. గంటసేపు పోరాడాం నేనూ అదీ. నన్ను నదిలోకి ఈడ్చేసింది. నిజానికి పోరాటం అరనిమిషం. నేను నదిలో పడ్డమాట వాస్తవమే కానీ, ఆ పడటంలో చేప ప్రమేయం ఏమీ లేదు.

చేప మాత్రం ఉంది. నిజం చేప! చచ్చిన చేపని తీసుకెళ్తే కొట్లో కొన్నావంటారు, కాబట్టి బతికుండగానే చూపించాలనుకున్నాను. మొప్పల్లోంచి తాడు దూర్చి, ఒడ్డున ఉన్న చెట్టువేరుకి కట్టి నీళ్ళలో వదిలి, అందరినీ పిలుచుకురావడానికి పరిగెత్తాను.

సరిగ్గా అప్పుడే పాస్టర్ గారు భోజనాల ముందు ప్రార్థన మొదలుపెట్టారు. అందరి కళ్ళూ మూసుకుని ఉన్నాయి. ఆమెన్ అనేదాకా నోరెత్తకూడదు. నేను వెళ్ళి అత్తయ్య పక్కన నిలబడి, తడి బట్టలతో వణుకుతూ, చేప దొరికిందని చెవిలో చెప్పాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "ఎంతుందిరా?" అంది. నా నోరు ఊరుకుంటుందా! మోచెయ్యంత, అంటే మూరెడు ఉందన్నాను.

పాస్టర్ గారు ముందు ప్రెసిడెంట్ గారి కోసం ప్రార్థించారు. తర్వాత వీసాల కోసం ఎదురుచూసేవాళ్ళ కోసం, ఆ తర్వాత పరీక్షలు రాసేవాళ్ళ కోసం. నరసాపురం పొలాలకి సమృద్ధిగా నీళ్ళు దయచేయమని వేడుకుంటుండగా డ్యామ్ సైరన్ మోగింది. ఒక్కరూ కన్ను తెరవలేదు. నరసాపురం సంగతి తెలియదు కానీ, ఇక్కడ మాత్రం నీళ్ళు సమృద్ధిగా వచ్చేశాయి.

అందరం ఒడ్డుకి వెళ్ళేసరికి వేరు లేదు, తాడు లేదు. అవి ఉన్నచోట గోధుమరంగు నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. "వదిలేశావా నాయనా, మళ్ళీ జాలేసిందా?" అన్నాడు కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసే అంకుల్. "ఈసారి ధర చీటీ కూడా కొట్టుకుపోయినట్టుంది" అన్నారెవరో. నాకు ఏడుపొచ్చేసింది. అబద్ధాలన్నీ దర్జాగా చెప్పినవాణ్ణి, నిజం చెప్పాల్సొచ్చేసరికి వెక్కిళ్ళే వచ్చాయి.

అప్పుడు అత్తయ్య అంది: "చేప ఉంది. మోచెయ్యంత ఉంది."

అంతే, నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ అన్నాక ఇంకేముంది! నీళ్ళు తగ్గేదాకా ఉందామన్నారందరూ. పాస్టర్ గారు కూడా కుర్చీ తెచ్చి వేసుకున్నారు. అత్తయ్య పొయ్యి మీద పులుసు మరగబెట్టింది, మోచెయ్యంత చేపకి సరిపడా. నేను ఆ గిన్నె వైపు చూడకుండా నది వైపు తిరిగి కూర్చున్నాను. పొద్దున్నుంచీ చేప లేదనుకుంటారేమోనని భయపడ్డాను. ఇప్పుడు ఉంటుందేమోనని భయం పట్టుకుంది. తాడు తెగి పోయుంటే బాగుండునని, పిక్నిక్‌కి వచ్చినవాళ్ళలో నేనొక్కణ్ణే మనసులో ప్రార్థన చేసుకున్నాను.

ఎండ వాలేసరికి నీళ్ళు తగ్గాయి. ముందు వేరు బయటపడింది, తర్వాత తాడు. డ్రాయింగుల అంకుల్ దాన్ని పైకి లాగాడు. చివర చేప ఉంది, బతికే ఉంది, నోరు తెరుస్తూ మూస్తూ. జానెడు ఉంది. జానెడంటే పెద్దవాళ్ళ జాన కాదు, నాది.

అందరూ నది అవతల కూడా వినిపించేలా నవ్వారు. నన్ను చూసి కాదు. "సిస్టర్ గారూ, ఎవరి మోచెయ్యండీ, పసిపిల్లలదా?" అన్నాడు అంకుల్. అత్తయ్య నా వైపు ఒకసారి చూసింది. వీడు చెప్పాడు కాబట్టి అన్నానని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "నా కొలత తప్పిందిలే" అని తనూ నవ్వేసి, ఆ జానెడు చేపనీ శుభ్రం చేసి అంత పులుసులో వేసింది. చేప ఎవరి కంచంలోకి వెళ్ళిందో ఇప్పటికీ తెలియదు. అందరూ బాగుందనే అన్నారు. ఉప్పు ఎక్కువైందని మాత్రం ఎవరో ఒకావిడ అంది, పాత కక్ష.

ఆ ఏడాదంతా చర్చిలో అది నడిచింది. ఇండియా నుంచి ఎవరైనా జాకెట్టు గుడ్డ తెస్తే, కొలిచింది మామూలు మోచెయ్యా, సిస్టర్ గారి మోచెయ్యా అని అడిగేవాళ్ళు. ఆవిడ నవ్వేది. నేను నేల చూసేవాణ్ణి.

పిక్నిక్ నుంచి ఆ రాత్రి తిరిగొస్తుంటే, అత్తయ్య కార్లో తిడుతుందేమోనని ముడుచుక్కూర్చున్నాను. చాలాదూరం వచ్చాక అంది: "చేప ఉందన్నావు, ఉంది. సంతోషం. కానీ నాకు చెప్పేటప్పుడు మాత్రం కొలిచి చెప్పరా. నువ్వేం చెప్తే నేను అదే చెప్తాను మరి."

అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. కోతలు కొయ్యడం నేను మానలేదు, మానతానని అబద్ధం చెప్పను కూడా. మొన్న మా మనవరాలికి, పెరట్లోకి ఎలుగుబంటి వచ్చిందని చెప్పాను. అది కళ్ళు పెద్దవి చేసి విని, బ్యాగు తగిలించుకుని, "క్లాస్‌లో అందరికీ చెప్తా తాతా" అంటూ స్కూల్ బస్ వైపు పరిగెత్తింది. నేను లుంగీతోనే రోడ్డు మీదికి పరిగెత్తి, బస్ తలుపు మూసేలోపు పట్టుకుని, ఎలుగుబంటి కాదమ్మా, ఉడుత, అదీ చిన్నది అని చెప్పాను. బస్సులో పిల్లలంతా పగలబడి నవ్వారు. నవ్వుకోనీ. వాళ్ళు నవ్వింది నన్ను చూసి, నా మనవరాల్ని చూసి కాదు.