పడుకుని చూస్తే తెలిసే ఇల్లు

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ముదిగుబ్బ ప్రార్థన కూటంలో అందింది. వాక్యం చెబుతూ గొంతు బాగా పైకెత్తి ఉన్నాను. మా ఊరి గొర్రెల కాపరి ఒకడు బస్సు దిగి వచ్చి, జనం వెనక నిలబడి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. అది చూడగానే నా మాట ఆగిపోయింది.

"పెద్దమ్మ పాయనన్నా," అన్నాడు దగ్గరికొచ్చి. "నిన్న సందకాడ గోడకు సున్నం కొట్టింది. పొద్దున సూస్తే గోడ ఇంకా ఆరలే. ఆయమ్మ లేదు."

ఆమె నాకు రక్తసంబంధి కాదు. శనక్కాయలు వొలిచి, అడిగిన వాళ్ళ ఇళ్ళకు సున్నం కొట్టి బతికిన మనిషి. మా చిన్న సంఘంలో చాప చివర కూర్చునేది. అక్షరం రాదు. అయినా నేను బోధకుణ్ణనుకుని తిరిగిన ఈ పదిహేనేళ్ళలో నాకు బోధ చేసింది ఆమె ఒక్కతే. అది సంఘానికి తెలియాలని ఇది రాస్తున్నాను. నా తప్పుతో మొదలుపెట్టకపోతే ఆమె సంగతి చెప్పడం కుదరదు.

అది జరిగింది గంజి కేంద్రాల ముందు జనం సత్తుగిన్నెలు పట్టుకుని నిలబడిన కరువులో. ఆ కరువులో కూడా ఆమె ఇల్లు చూస్తే కండ్లు చల్లబడేవి. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేది. గోడ అడుగున జాజుతో, అంటే గుట్ట మీది ఎర్రమన్నుతో, మూరెడు పట్టె తీసేది. వంట మూలకు పాతచీర తెర, దాని అంచు సరిగ్గా కిందికి వచ్చేటట్టు. గోడ గూట్లో ఒక్క చెంబు మాత్రం ఉండేది. మిగతావి ఎందుకు పెట్టలేదని నా భార్య అడిగితే, "ఒకటి పెడితే అది గూడు. పది పెడితే అంగడి," అన్నదట.

నా భార్య ఆమెను చూసి మా ఇంట్లోనూ జాజు పట్టె తీసింది. దాని మీద వేలితో ఆకుల వరస వేసింది. నాకు ఒళ్ళు మండింది. బావుల్లో నీళ్ళు లేవు, గోడలకు అలంకారమా? ఆదివారం నాడు పేరు చెప్పకుండా, అందరికీ తెలిసేటట్టు, పెద్దమ్మను గద్దించాను. ఇంటికి వచ్చి ఆ ఆకుల మీద నా చేతులతోనే పేడ అలికాను. అప్పుడు నా భార్య నిండు చూలాలు.

బిడ్డ పుట్టి, మూడో రోజు పోయింది. ఆ తర్వాత నా భార్య వెనకగోడ వైపు తిరిగి పడుకుంది. సంగటి ముద్ద పెడితే అట్లాగే ఉండేది. పిలిస్తే పలికేది కాదు. నేను మోకరించి, ఊరంతా వినబడేటట్టు ప్రార్థన చేశాను. రోజులు గడిచే కొద్దీ ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఈమె కూడా దక్కదని నాకు అర్థమవుతూ ఉంది.

పెద్దమ్మ అప్పుడు గడప దాటి వచ్చింది.

"ఏమప్పా, దేవునికేమన్నా చెవుడా, అట్ల అరుస్తావు?" అంది. నేను జవాబు చెప్పేలోపే పోయి నా భార్య పక్కన నేల మీద పడుకుంది. ఎవరింటికి సున్నానికి పోయినా ఆమె ముందు చేసే పని అదేనని తర్వాత తెలిసింది. ముసలివాళ్ళో జబ్బువాళ్ళో ఆ ఇంట్లో ఎక్కడ పడుకుంటారో అక్కడ పడుకుని చూసేది. చాలాసేపటికి లేచింది.

"నువ్వూ పండుకోని సూడప్పా. నిలబడి సూసేటోనికి ఇల్లు యాడ తెలుస్తాది?"

పడుకున్నాను. నా కంటి ముందు పొయ్యి పొగ పట్టిన నల్లటి గోడ. దాని అడుగున నేను అలికిన పేడ, నా అయిదు వేళ్ళ చారలతో సహా. నా భార్య ఇన్నాళ్ళూ చూస్తున్నది దాన్నే.

మరునాడు పెద్దమ్మ ఆ గోడ గీకి సున్నం పూసింది. ఆ తర్వాతి పొద్దున మా ఇంటి ఇత్తడి పళ్ళెం తోమి, మిద్దె కంతలోంచి నేల మీద పడే ఎండలో పెట్టి, అందులో సగం చెంబు నీళ్ళు పోసింది. నా నోట్లోంచి "నీళ్ళు" అన్నమాట వచ్చేసింది.

"యాడికి పోతాయప్పా? ఆడనే ఉండాయి కదా. సందకాడ కోళ్ళకు పోద్దువులే."

అప్పుడు గోడ చూశాను. తెల్లటి గోడ మీద ఒక వెలుగు, గంపంత, వణుకుతూ ఉంది. బతికి ఉన్నట్టే ఉంది. ఎన్నో కూటాల్లో మహిమ అన్న మాట పలికాను. కంటితో చూసింది ఆ పూటే.

పెద్దమ్మ వెళ్ళిపోయింది. పొద్దు ఎక్కింది, ఎండ జరిగింది, గోడ మీది వెలుగు ఆరిపోయింది. నేను లేవబోయాను. అంతలో నా భార్య మోచేతి మీద లేచింది. పాకుతూ పోయి, పళ్ళేన్ని ఎండలోకి జానెడు జరిపింది. వెలుగు మళ్ళీ గోడెక్కింది. దాన్ని చూస్తూ, "ఆకలైతాంది," అంది.

నాలుగు రోజులకు జాజు కావాలని అడిగింది. గుట్టకు నేనే పోయాను. వాక్యం పుస్తకం పెట్టుకునే సంచిలోనే ఎర్రమన్ను మోసుకొచ్చాను. ఆ పుస్తకం అంచులు ఇప్పటికీ ఎర్రగా ఉంటాయి.

నేను ఆ పుస్తకం కోసమే కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. అయినా అరణ్యంలో దేవుడు తనకోసం గుడారం కట్టమన్న భాగం వస్తే పేజీలు దాటేసేవాణ్ణి. ఏ తెరకు ఏ రంగు, తెరలు తగిలించే కొలుకులు ఎన్ని, ఇవన్నీ ఎవరికి కావాలని. పెద్దమ్మకు అదే కావాలి. "ఆ గుడారం సంగతి ఇంగోసారి సదువప్పా," అనేది. చదివితే, "సూసినావా, రంగుల్లో నీలం ముందర సెప్పినాడు," అని తన నీలిమందు తనకే గుర్తొచ్చినట్టు నవ్వేది. నీళ్ళు దొరకని ఎడారిలో కూడా దేవుడు తెర రంగు గురించి ఆలోచించాడన్న సంగతి నాకు ఆ నవ్వు చూసేదాకా తట్టలేదు.

సమాధి దగ్గర నేను ఆ భాగమే చదివాను. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఆపలేదు, కొలుకులతో సహా చదివాను.

మరుసటి పొద్దున ఒక్కణ్ణే ఆమె ఇంటికి పోయాను. గోడలు ఆరి తెల్లగా ఉన్నాయి. గూట్లో చెంబు ఉంది. ఆమె పడుకునే చాప గోడ వారగా లేదు, గాలి తగిలే చోట లేదు, నడిచేదారికి అడ్డంగా ఉంది. ఇంత తెలిసిన మనిషి ఇక్కడెందుకు పడుకునేదో అనుకుని, ఆ చాప మీద పడుకున్నాను.

ఆమె తలుపులోంచి వీధి, వీధికి అవతల మా తలుపు, ఆ తలుపులోంచి మా వెనకగోడ కనబడుతున్నాయి. ఎర్రటి పట్టె, దాని మీద ఆకుల వరస. పైన వెలుగు లేదు. కాసేపటికి మా ఇంట్లో ఒక చెయ్యి నేల మీదికి వంగి పళ్ళేన్ని కొంచెం జరిపింది. వెలుగు వణుకుతూ గోడెక్కింది.