గడప దాటని సిగ్నల్

ఒకప్పుడు ఆవిడ పొయ్యి వెలిగించాలంటే ముందు ఫోను మోగాలి. మొగుడు సెల్ టవర్లెక్కి యాంటెన్నాలు బిగించే పని చేసేవాడు. పైకెక్కే ముందు ఒక మిస్డ్ కాల్, క్షేమంగా కిందికి దిగాక ఇంకొకటి. రెండోది వచ్చాకే ఆవిడ మంట పెట్టేది. అంతంత ఎత్తులు ఎక్కి దిగిన మనిషిని టవరు ఏమీ చేయలేదు, పాడు జ్వరం ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఆ పొయ్యికి వేళాపాళా లేదు. ఒక్కోరోజు అసలు వెలగదు.

దాని బదులు కొత్త అలవాటొకటి పట్టుకుంది. తన బటన్ల ఫోను మోగితే చాలు, తడిచేతులతోనైనా పరుగెత్తి మొదటి మోతకే ఎత్తేస్తుంది.

"ఎవరికోసమో కాచుక్కూచున్నట్టు ఎత్తుతుందమ్మా!" అని తోడికోడలు మూతి తిప్పింది.

ఆ మూతికి సంజాయిషీ ఇవ్వాలనిపించలేదు ఆవిడకు. ఆ ఫోను మిస్డ్ కాల్స్ కొన్నిటినే దాచుకుంటుంది. కొత్తదొకటి చేరితే అడుగుది రాలిపోతుంది. ప్రస్తుతం ఆ వరసలో ఉన్నవన్నీ ఆయనవే.

మరిదికి వీధి మలుపులో ఫోన్ల కొట్టుంది. గాలిలో తరంగాలన్నిటికీ తానే బారసాల చేసినట్టు మాట్లాడతాడు. అన్న టవరు మీద ఎండలో మాడుతుంటే, కింద నీడలో నిలబడి ఫోటోలు దిగిన ఘనుడు. ఒక ఉదయం తళతళలాడే ఫోనుతో దిగబడ్డాడు.

"వదినా, వచ్చే నెల నుంచి టూజీ బంద్! ఆ తరంగాల బ్యాండు ఖాళీ చేసి కొత్త నెట్‌వర్కుకి వాడుకుంటారు. నీ డబ్బా ఇంక పలకదు. ఇదిగో ఫైవ్‌జీ. దీని బ్యాండు ఎక్కడో పైన. స్పీడు చూస్తే కళ్ళు తిరగాల్సిందే."

"వంటింట్లో పలుకుతుందా?"

"వంటిల్లేంటొదినా, బావిలో దిగినా పలుకుతుంది!"

వంటింటి గడప దాటగానే కొత్త ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మరిది చేయెత్తాడు, పీటెక్కాడు, కిటికీ ఊచల్లోంచి చేయి బయటపెట్టి బిచ్చమడిగినట్టు నిలబడ్డాడు. ఆవిడ చేతిలోని డబ్బా మాత్రం నిండు గీతలతో ఉంది. ఆయన చెప్పేవాడు: కింది బ్యాండు మెల్లగా నడిచినా గోడలు దూరి వస్తుంది, పై బ్యాండు పరుగులు పెడుతుంది గానీ గోడ తగిలితే చతికిలబడుతుంది. మరిది ఏ బ్యాండువాడో ఆవిడకు ఎప్పుడో తెలుసు. అన్న మంచాన పడ్డప్పుడు కూడా వాకిట్లోంచే పలకరించి పోయాడు.

"వరండాలో కూచుని మాట్లాడుకో వదినా, గాలైనా తగులుతుంది."

"వంట కూడా అక్కడే చేసుకోనా?"

మరిది మొహం మాడింది. "నీకీ టెక్నాలజీ ఎక్కదులే. సాయంత్రం వస్తా, పాతదాంట్లోంచి సిమ్ము తీసి ఉంచు. ఆ డబ్బాని ఎక్స్‌ఛేంజీలో పడేద్దాం."

సిమ్ము తీస్తే ఆ ఫోను మిస్డ్ కాల్సన్నీ తుడిచేస్తుంది. ఒకసారి ఆయనే అలా పోగొట్టుకుని తల గోక్కున్నాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఆవిడ ఫోనుని గుప్పిట్లో బిగించింది. మధ్యాహ్నానికి మాత్రం ఇంకొకటి తట్టింది. టూజీ ఆగిపోతే ఇక ఈ ఫోనుకు ఎవరి కాలూ రాదు. కొత్తది చేరదు, ఆయనది రాలదు. మూగబోతేనే అది భద్రం. ఆ నెలాఖరు దాకా మొదటి మోతకే ఎత్తితే చాలు.

సాయంత్రం మరిది చెప్పులు విప్పకుండానే చేయి చాపాడు.

"సిమ్ము తీశావా వదినా?"

"లేదు."

"చేతకాలేదా? ఇలా ఇవ్వు, గోటితో తీసేస్తా."

"చేతనవుతుంది," అంది ఆవిడ, ఫోను కొంగులో ముడేసుకుంటూ. "తీయను."